భయం లేని చేపలు

"అది చచ్చిందా, బతికిందా? ఏదో ఒకటి తేల్చు కౌంటరక్కా!"

లోపలి గదిలోంచి డాక్టరుగారు కేకేసేసరికి కౌంటరక్క కుడిచెయ్యి మోచేతి దాకా అక్వేరియంలో మునిగి ఉంది. జవాబు చెప్పే తీరిక ఆమెకు లేదు. పళ్లెంలా గుండ్రంగా ఉన్న ఎర్ర చేపను అరచేతిలో నిలబెట్టి నీళ్లలో మెల్లగా ముందుకు తోస్తోంది. నోట్లోకి వెళ్లిన నీళ్లు మొప్పల్లోంచి బయటికొస్తేనే దానికి ఊపిరి. పదిసార్లు తోసింది. ఇరవైసార్లు తోసింది. చేప కన్ను ఎటూ చూడటం లేదు. నీలం చేప అప్పటికే అడుగున ఇసుక మీద పక్కకు ఒరిగిపోయింది.

గోడ గడియారం తొమ్మిదీ ఇరవై చూపిస్తోంది. పదింటికి మొదటి పేషెంటు వస్తాడు.

నెలరోజుల్లో ఇలా పడిపోవడం ఇది నాలుగోసారి. మిగతా మూడుసార్లకూ ఈరోజుకూ ఒక్కటే తేడా. ఈరోజు పిల్లలున్నాయి.

మూడు రోజులుగా ఆ జంట ఒంటి మీద ఆవగింజంత పిల్లలు గుంపుగా అతుక్కుని తిరుగుతున్నాయి. డిస్కస్ చేపల తీరే అంత. తల్లీతండ్రీ చర్మం మీద జిగురు ఊరుతుంది, పిల్లలు దాన్నే కొరుక్కుతిని పెరుగుతాయి. తల్లి అలిసిపోతే ఒక్క విదిలింపు విదిలించి గుంపు మొత్తాన్ని తండ్రి మీదికి తోసేస్తుంది. ఆ ముచ్చట చూస్తూ పేషెంట్లు పంటి నొప్పి మరిచిపోయి అద్దానికి ముక్కులు ఆనించేవాళ్లు. ఇప్పుడా పిల్లలన్నీ దుమ్ములా రాలి ఇసుక మీద పడి ఉన్నాయి.

"బకెట్టు! నిలబడి చూస్తావేంటయ్యా? బకెట్టు తే!"

బావమరిది ఉలిక్కిపడి పరిగెత్తాడు. డాక్టరుగారి భార్య తమ్ముడతను. ముప్పై అయిదేళ్లవాడు. డాక్టరుగారి పక్కన నిలబడి పనిముట్లు అందించడం అతని ఉద్యోగం. క్లినిక్‌లో అందరికీ బావమరిదే. ఆఖరికి పేషెంట్లు కూడా "బావమరిదీ, కాస్త మంచినీళ్లు" అనే అడుగుతారు.

వాషింగు గది పక్కన నీలం డ్రమ్ములో రోజూ నీళ్లు పట్టి ఉంచుతుంది కౌంటరక్క. ఒక పగలూ ఒక రాత్రీ నిలవుంచి, క్లోరిన్ పోగొట్టి, హీటరుతో వెచ్చబెట్టి, గాలి గొట్టం వేసిన నీళ్లు. జంటను బకెట్టులో మోసుకెళ్లి అందులో వదిలారు. స్టీలు గ్లాసుతో ఇసుక మీది పిల్లల్ని ఒడుపుగా తోడి తోడి అందులోనే పోసింది. పది నిమిషాలు చేతుల్లో పెట్టుకుని నడిపించాక ఎర్ర చేప తోక ఒక్కసారి కొట్టుకుంది. ఇంకో పది నిమిషాలకు నీలంది నిటారుగా నిలబడింది.

కౌంటరక్క అప్పుడు ఊపిరి పీల్చుకుంది.

వందకు పైగా ఉండాల్సిన పిల్లల్లో కదులుతున్నవి పదకొండు. అవి వెతుక్కుంటూ వెళ్లి తల్లి రెక్క కింద అతుక్కున్నాయి.

"లేచాయా?" మాస్కు గడ్డం కిందికి లాక్కుంటూ డాక్టరుగారు వచ్చి నిలబడ్డాడు. "ఇక చాలు. నా వల్ల కాదు. సాయంత్రం అయిదింటికి మేడమ్ వస్తుంది. ఈలోగా ఒక కాగితం రాసిపెట్టు. నీళ్లు మార్చడంలో నా అజాగ్రత్త వల్ల చేపలు పాడయ్యాయని రాసి, కింద సంతకం చెయ్యి. వీటిని ఆ చేపల కొట్టాయనకి తిరిగిచ్చేద్దాం."

"నా అజాగ్రత్తా?"

"మరి నాదా? నీళ్లు మార్చేది ఎవరు?"

గిర్రున తిరిగి గదిలోకి వెళ్లిపోయాడు. కౌంటరక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది.

పదకొండేళ్లుగా ఆ కౌంటరు ఆమెది. రెండేళ్ల కిందట మేడమ్, అంటే డాక్టరుగారి భార్య, ముచ్చటపడి ఈ జంటను కొంది. మోజు నెలలోనే తీరింది. చాకిరీ మాత్రం ఈమె మెడకు చుట్టుకుంది. రోజు విడిచి రోజు సగం నీళ్లు మార్చాలి. వేడి ఒక్క గీత తగ్గకూడదు. లైటు టక్కున వేయకూడదు. చేతికి సబ్బు వాసన ఉంటే నీళ్లలో పెట్టకూడదు. చెల్లెలి కూతురి పెళ్లికి వెళ్లి, నీళ్లు మార్చే వేళయిందని భోజనం చెయ్యకుండా వచ్చేసిన మనిషి ఆమె. చెల్లెలు ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది, "అక్కకి మా పిల్ల కంటే ఆ పిల్లలే ఎక్కువ" అని.

అలాంటి తనకు అజాగ్రత్తట!

డ్రమ్ము పక్కనే నిలబడి భర్తకు ఫోన్ చేసింది. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఎక్కడో లిఫ్టు గోతిలో ఉన్నట్టున్నాడు, గొంతు గింగురుమంటూ వచ్చింది.

"వదిలెయ్యవే ఆ గోల! రెండేళ్ల నుంచి మనింట్లో మూడో మనిషిలా తయారయ్యాయి. ఇచ్చేసి హాయిగా ఉండు."

"ఇచ్చెయ్యడానికి నాకేం బాధలేదండీ. సంతకం పెట్టమంటున్నారు."

"దేనికి?"

"నేనే పాడుచేశానని."

అటువైపు పానా కింద పెట్టిన చప్పుడైంది. ఆ తర్వాత ఆయన గొంతు మారిపోయింది. "చేపలు ఇచ్చినా ఇవ్వకపోయినా నీ ఇష్టం. సంతకం మాత్రం పెట్టకు. తీగ తెంపింది ఒకడూ, తిట్లు తినేది నేనూ. మా పనిలో ఈ బాగోతం నేను చాలా చూశా. ముందు తెంపిందెవరో కనుక్కో."

రెండో ఫోను చేపల బాబాయికి. వెనక వీధిలో కొట్టు ఆయనది. ముప్పై ఏళ్లుగా అదే పని.

"పడిపోయి, అరగంటలో లేచాయా? అయితే జబ్బు కాదమ్మాయ్. జబ్బు చేసినవి అరగంటలో లేవవు. నీళ్లలో ఏదో పడింది. అక్వేరియం నీళ్లు పారబోశావా?"

"లేదు బాబాయ్."

"పారబొయ్యకు. సీసాలో పట్టి మూత బిగించి తీసుకురా."

ఆమె సీసా నిండా పట్టింది. నీళ్ల పైన సన్నటి జిడ్డు తెర కనిపించింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా తెలియలేదు. క్లినిక్‌లో గోడలకూ కుర్చీలకూ ఆఖరికి ఆమె చీరకూ పట్టిన మందుల వాసన తప్ప ఇంకేదీ లేదు.

జిడ్డు తెర చూడగానే ఆమెకు ఒక తల గుర్తొచ్చింది.

*

ఆ తల సరిగ్గా పదింటికి మెట్లెక్కి వచ్చింది. నుదుటి మీదికి కారేంత నూనె రాసుకునే కాంట్రాక్టరుగారు, వీధి చివర పెద్ద భవనం కడుతున్నాయన. ప్రతి గురువారం మొదటి అపాయింట్‌మెంటు ఆయనదే. దవడ పన్నుకు రూట్ కెనాల్ పూర్తయింది. ఈ పూట తొడుగుకు కొలత, సాయంత్రం బిగింపు.

"ఏమ్మా, దంపతులేరీ?" సోఫాలో కూలబడి ఖాళీ అక్వేరియం మీదికి వంగాడు.

"వెనక ఉన్నారు. ఒంట్లో బాగోలేదు."

కౌంటరక్క ఆయన్ని ఎగాదిగా చూసింది. అపాయింట్‌మెంట్ల పుస్తకం తెరిచింది. దాని పక్కన నీళ్ల పుస్తకం పెట్టింది. వేడి ఎంత, ఎన్ని నీళ్లు మార్చింది, ఏ పూట ఏం తిన్నాయి, అన్నీ అందులో రాసి ఉంటాయి. చేపలు పడిపోయింది రెండో తారీకున, తొమ్మిదో తారీకున, పదహారో తారీకున. ఇవాళ ముప్పై. మధ్యలో ఇరవై మూడున ఏమీ కాలేదు. అన్నీ గురువారాలే.

"పోయినవారం మీరు రాలేదు కదండీ?"

"ఊళ్లో లేనమ్మా. ఏం?"

ఇరవై మూడు. ఈయన వచ్చిన రోజు పడిపోతున్నాయి. రాని రోజు హాయిగా తిరిగాయి. అద్దం మీదికి వంగి వంగి చూసే ఆ నూనె తల!

"సూటిగా అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. మీరా నీళ్లలో ఏమైనా వేస్తున్నారా?"

"నేనా?" కాంట్రాక్టరుగారు బుగ్గ పట్టుకునే నవ్వాడు. "నేనేం వేస్తానమ్మా! నా నోట్లో వీళ్లు వేసేవే చాలడంలేదా? పైగా అవి నేనొచ్చేసరికే జోలపాట విన్నట్టు తేలుతూ ఉంటాయి. మొదటిసారి మీ డాక్టరుగారే చెయ్యి పట్టుకుని మరీ చూపించారు. 'చూశారా, మా చేపలకు భయం లేదు' అని."

"భయమా?"

"మర్చిపోయావా? అంతకు ముందు నేనేగా వేళాకోళం చేసింది!"

అప్పుడు గుర్తొచ్చింది. ఈయన మొదటిసారి వచ్చిన రోజు. లోపల డ్రిల్లు కోసం కంప్రెసరు ఢుర్రుమని మొదలవగానే జంట నల్లబడిపోయి, ఒంటి మీద చారలు తేలి, మూలకు దూసుకుపోయి అక్వేరియంలో పెట్టిన చెక్క ముక్క వెనక దాక్కుంది. ఎప్పుడూ అంతే చేస్తాయి. ఈయన హాలు దద్దరిల్లేలా అన్నాడు: "డాక్టరుగారూ, రోజూ మీ దగ్గరుండే చేపలకే ఇంత భయమైతే మా గతేంటండీ?" హాల్లో ఉన్న తొమ్మిదిమందీ పగలబడి నవ్వారు. ఇద్దరు మళ్లీ వస్తామని లేచి వెళ్లిపోయారు. డాక్టరుగారి చెవులు ఎర్రబడ్డాయి.

ఆ మరుసటి గురువారం రెండో తారీకు.

ఇంకొకటి కూడా తట్టింది. ఈరోజు చేపలు పడిపోయింది తొమ్మిదీ ఇరవైకి. ఈయన వచ్చింది పదింటికి. రోజూ తాళం తీసేది తను. కానీ చేపలు పడిపోయిన ఆ మూడు గురువారాల్లాగే ఈరోజు కూడా తను వచ్చేసరికే తలుపు తీసి ఉంది. డాక్టరుగారూ బావమరిదీ ఒకే కారులో వచ్చి లోపల ఉన్నారు.

"తర్వాతివాళ్లు రండీ!" లోపలినుంచి గంట మోగితే అలవాటుగా కేకేసింది. ఆ గొంతుకు మైకు అక్కర్లేదు. ఆ కేకకు కింది అంతస్తు టైలరు కూడా మిషను ఆపి లేచి నిలబడతాడని బావమరిది ఎగతాళి చేస్తుంటాడు.

కాంట్రాక్టరుగారు పక్కనే ఉండి చెవి తుడుచుకున్నాడు. "నేనొక్కణ్నే కదమ్మా ఉన్నది!"

*

మధ్యాహ్నం విరామంలో సీసా పట్టుకుని మెట్లు దిగింది. చేపల బాబాయి కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని వల కుట్టుకుంటున్నాడు.

"ఇటివ్వు." మూత తీశాడు.

ఎండ. గాలి. వీధిలో మామూలు దుమ్ము వాసన. ఆ మధ్యలోంచి గుప్పున ఒక వాసన ఆమె ముక్కుకు తగిలింది. రోజూ పొద్దున తలుపు తీయగానే ఎదురొచ్చే వాసన. పదకొండేళ్లుగా ఎంత అలవాటైపోయిందంటే, క్లినిక్‌లో నిలబడితే అది ఉన్నట్టే తెలియదు.

"లవంగ నూనె!" అంది.

"అవును." బాబాయి మూత బిగించేశాడు. ముఖం నల్లబడింది. "పంటికి పెట్టేదే. చేపలకిది మత్తు. కొంచెం వేస్తే తూగుతాయి. ఇంకాస్త వేస్తే పడిపోతాయి. ఇంకా వేస్తే లేవవు. బాగుచెయ్యలేని జబ్బు చేసిన చేపను బాధలేకుండా పంపెయ్యాలంటే మేం వాడేది ఇదేనమ్మాయ్. ఎవరో దంపతులకి వారానికోసారి సగం చావు చూపిస్తున్నారు."

"చెయ్యి జారి పడిందేమో బాబాయ్?"

"నూనె నీళ్లలో ఊరికే కలవదు. పైన తేలుతుంది. గోరువెచ్చటి నీళ్లలో వేసి, తెల్లగా అయ్యేదాకా గిలకొట్టి పొయ్యాలి. చెయ్యి జారితే గిలకొట్టడం ఉండదు." బాబాయి లేచాడు. "దంపతులు ఇక ఆ గదిలో ఉండకూడదు. నువ్వు ఇస్తానంటే అయిదింటికి సంచులు తెస్తాను. ఇవ్వనంటే నీ ఇష్టం. పెంచింది నువ్వు."

రెండేళ్ల చాకిరీ ఒక్కసారి కళ్లముందు తిరిగింది. తను చేతిలో రొయ్యల తురుము పట్టుకుని నిలబడితే అద్దం దాకా వచ్చి కళ్లు తిప్పి చూసే ఎర్ర చేప. మందుల కంపులో, డ్రిల్లు మోతలో, తనకంటూ ఉన్న ఒకే ఒక్క నిశ్శబ్దమైన మూల అది. ఇచ్చేస్తే ఓడిపోయినట్టా? ఉంచితే వాటిని మళ్లీ ఆ చేతికే అప్పగించినట్టు.

"తీసుకురా బాబాయ్. ఇచ్చేస్తాను," అంది. "కానీ పాడుచేశానని ఇవ్వను."

*

క్లినిక్‌కు తిరిగొచ్చి నేరుగా సరుకుల అల్మారా తెరిచింది. లవంగ నూనె సీసా ఒకటి మూడు నెలలు రావాలి. ఈ నెలలో మూడు ఖాళీ అయ్యాయి. సీసాలు తీసుకుని పనిముట్లు ఉడికించే గదిలోకి వెళ్లింది. బావమరిది ఆవిరి యంత్రం ముందు కునికిపాట్లు పడుతున్నాడు.

"మూడు సీసాలు ఏం చేశావయ్యా?"

"ఏ సీసాలక్కా?"

"నా దగ్గర వేషాలెయ్యకు. పిల్లలు చచ్చిపోయాయి. తొంభై పిల్లలు! ఏం చేశావ్?"

బావమరిది తలుపు వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "నేను చెప్పానని అనకు. బావ అడుగుతాడు. గురువారం పొద్దున్నే రాగానే గ్లాసులో గోరువెచ్చటి నీళ్లు, లవంగ నూనె. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

"ఎందుకని నువ్వు అడగలేదా?"

"ఎందుకేముంది? పంటి నొప్పి."

"ఎవరికి?"

"బావకి! పుక్కిలిస్తున్నాడనుకున్నా. పంటి డాక్టరుకి పంటి నొప్పంటే పరువు తక్కువ కదక్కా. తన పన్ను తను పీక్కోలేడు, ఎదురు వీధి డాక్టరు దగ్గరికి వెళ్లలేడు. పాపం, ఎంత బాధపడుతున్నాడో అని నేనే కాస్త ఎక్కువ పోసిచ్చేవాణ్ని. ఈరోజు కూడా 'ఎక్కువెయ్యరా' అన్నాడు. ఇవాళ కాంట్రాక్టరుగారి మనుషులు నలుగురు చూపించుకోవడానికి వస్తారని పొద్దుట్నుంచీ హడావిడి పడుతున్నాడు కదా, నొప్పి ఎక్కువైందేమో అనుకుని..."

చెబుతూ చెబుతూ ఆగిపోయాడు. ఆమె ముఖం చూశాడు. చేతిలో సీసాలు చూశాడు. మెల్లగా నోరు తెరుచుకుంది.

"అంటే... బావకి పంటి నొప్పి లేదా?"

"లేదు," అంది కౌంటరక్క. "చెవులకు నొప్పి. జనం నవ్వితే వచ్చే నొప్పి."

*

నాలుగింటికి డాక్టరుగారే పిలిచాడు. తలుపు వెయ్యమన్నాడు. కౌంటరక్క వేసింది కానీ కూర్చోలేదు. మూడు ఖాళీ సీసాలు బల్ల మీద వరసగా పెట్టింది.

ఆయన వాటిని ఒక్కొక్కటిగా తిప్పి చూశాడు. తర్వాత చేతి తొడుగులు విప్పి బుట్టలో పడేశాడు.

"మత్తు వల్ల ఎవరూ చావరు కౌంటరక్కా. రోజూ పదిమందికి ఇస్తాను నేను."

"పిల్లలు చచ్చిపోయాయి సార్."

"అది ఈరోజు కొంచెం ఎక్కువైంది. నువ్వు హాల్లో ఉండే మనిషివి, నీకు తెలియదా? భయం ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటుంది. చేపలు వణికితే పేషెంటు వణుకుతాడు. వాటికి భయం పోగొడితే తప్పేంటి?"

"భయం పోలేదు సార్," అంది. "భయపడే ఓపిక పోయింది. ఊపిరి తీసుకోవడానికే చాలక పడి ఉంటే, మీరు ఆ కాంట్రాక్టరుగారికి చూపించి మురిసిపోయారు. పోనీ ఆ మోత పెట్టే యంత్రాన్ని మార్పించండి, కనీసం వెనక వరండాలో పెట్టించండి అని మొదటి రోజునుంచీ మొత్తుకుంటున్నాను కదా?"

"సరే, అయిపోయింది." ఆయన సొరుగులోంచి తెల్ల కాగితం తీసి ముందుకు తోశాడు. గొంతు మెత్తబడింది. "మేడమ్ సంగతి నీకు తెలుసు. నేనని తెలిస్తే నాకు ఇంట్లో కుర్చీ కూడా మిగల్చదు. నువ్వైతే రెండు మాటలు అని వదిలేస్తుంది. నీ ఉద్యోగం ఎక్కడికీ పోదు. నాది పూచీ. రెండు వాక్యాలు. ఎవరు చూస్తారు?"

పదకొండేళ్లు. ఒక్కరోజు ఆలస్యం లేదు, ఒక్క పేషెంటు పేరు తప్పు పిలవలేదు. చేసింది ఆయన. దాచింది ఆయన. పొద్దున తను మోచేతి దాకా నీళ్లలో ఉండి ఆ ప్రాణాలకోసం పెనుగులాడుతుంటే, చచ్చిందా బతికిందా అని కేకేసిందీ ఆయనే. అంతా తెలిసి, ఇప్పుడు రెండు వాక్యాలట!

ఆమె కాగితం తీసుకుంది.

"రాస్తాను సార్," అని బయటికొచ్చింది.

*

అయిదింటికి హాలు నిండిపోయింది. తొడుగు బిగింపుకు కాంట్రాక్టరుగారు, ఆయన వెంట చూపించుకోవడానికి వచ్చిన నలుగురు, గోడ వారగా ఇంకో అరడజనుమంది. మేడమ్ వచ్చీ రాగానే ఖాళీ అక్వేరియం చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"నా చేపలేవి?"

"చెప్పాను కదా ఫోన్లో," డాక్టరుగారు గది గుమ్మంలోంచే అందుకున్నాడు. "నీళ్లు సరిగ్గా చూసుకోలేదు. పోనీలే, తెలియక చేసింది. కాగితం కూడా రాసింది. ఏదీ, ఇవ్వు కౌంటరక్కా."

అదే సమయానికి చేపల బాబాయి వెనక డ్రమ్ము దగ్గర నుంచి వచ్చాడు. చేతిలో గాలి నింపిన పెద్ద ప్లాస్టిక్ సంచి. అందులో ఎర్ర చేప, నీలం చేప పక్కపక్కనే నిలబడి ఉన్నాయి. తల్లి ఒంటి మీద పదకొండు చుక్కలు కదులుతున్నాయి. హాలంతా మెడలు చాచింది.

కౌంటరక్క కాగితం తీసి మేడమ్‌కి కాదు, బాబాయికి ఇచ్చింది.

"తినే వేళలు రాశాను బాబాయ్. ఎర్రదానికి ముందు పెట్టు, లేకపోతే అలుగుతుంది. లైటు మెల్లగా వెయ్యి."

"అదేంటి?" డాక్టరుగారి గొంతు హెచ్చింది. "సంతకం పెట్టిన కాగితం ఏది?"

"అదేనండీ రాసింది. చేపల్ని నేనే ఇచ్చేస్తున్నాను మేడమ్. ఈ గదిలో వాటిని పెంచడం ఇక నా వల్ల కాదు. కానీ నా అజాగ్రత్త వల్ల కాదు. నాలుగు గురువారాలు వాటి నీళ్లలో ఎవరో లవంగ నూనె పోశారు."

"పోయడమేంటి?" మేడమ్ భుజం మీది సంచి జారిపోయింది. "ఎందుకు?"

"కాంట్రాక్టరుగారికి అవి భయపడకుండా కనిపించాలని."

కాంట్రాక్టరుగారు సోఫాలోంచి లేచాడు. నూనె మెరిసే నుదురు ముడిపడింది. "నాకోసమా? నేనేదో నవ్వుకి అన్నదానికి? ఎవరమ్మా ఆ మహానుభావుడు?"

"ఇప్పుడు ఆ గొడవెందుకు, పేషెంట్లు ఎదురుచూస్తున్నారు," అని డాక్టరుగారు గదిలోకి ఒక అడుగు వెనక్కి వేశాడు. బావమరిది గోడకు అంటుకుపోయాడు. "చెప్పొద్దక్కా" అన్నట్టు తల అడ్డంగా ఊపబోయి, సంచిలో చేపల్ని చూసి, ఆపేశాడు.

"నువ్వు చెప్పు," అంది మేడమ్, కౌంటరక్క కళ్లలోకి చూస్తూ. "భయపడకు."

"నాకేం భయం లేదు మేడమ్."

కౌంటరు వెనక తన చోటికి వెళ్లి నిలబడింది. అలవాటుగా అపాయింట్‌మెంట్ల పుస్తకం తెరిచి, గురువారం గడి మీద వేలు పెట్టింది. పదకొండేళ్లుగా పేషెంట్లను పిలుస్తున్న గొంతును ఛాతీ నిండా తీసుకుంది. కింది అంతస్తులో టైలరు మిషను టకటకలాడుతోంది.

"ఈ చేపలకు మత్తు పోసింది," అంది. కింద మిషను ఠక్కున ఆగిపోయింది.

"మన డాక్టరుగారు!"